తల మీద దెబ్బ: భయం ఒకచోట, ప్రమాదం మరోచోట

పెంచలకోన నరసింహస్వామి సన్నిధిలో తలనీలాలు ఇచ్చే చోట కాసేపు నిలబడితే ఈ దృశ్యం కంటపడకపోదు. పుట్టెంట్రుకలు తీయించుకుంటున్న పిల్లవాడు ఉన్నట్టుండి తల విదిలిస్తాడు. కత్తి అంచు నెత్తిని తాకి వడ్లగింజంత గాటు పడుతుంది. అంత చిన్న గాటుకే రక్తం నుదుటి మీదుగా ముక్కు దాకా కారుతుంది. తల్లి గొల్లుమంటుంది. నాయీబ్రాహ్మణుడు మాత్రం తడిగుడ్డ తీసి గాటు మీద అదిమిపట్టి, "ఏమీ కాదమ్మా" అంటాడు. ఆయన మాటే నిజం. అదే పిల్లవాడు మరో రోజు అరుగు మీదనుంచి పడి, కణతకు రాయి తగిలి, చుక్క రక్తం కూడా రాకపోతే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. భయపడాల్సింది అప్పుడు.

తల, ముఖం విషయంలో మన భయాలూ అసలు ప్రమాదాలూ ఒకే దారిలో నడవవు. బొటబొటా కారే రక్తం, వంకరపోయిన మూతి మనల్ని హడలగొడతాయి. చాలాసార్లు అవి నయమయ్యేవే. ముక్కు పక్కన లేచిన సెగగడ్డ, దెబ్బ తగిలిన మర్నాటికి నల్లబడిన కళ్లు, అందం కోసం పొడిపించుకున్న సూది మన లెక్కలోకే రావు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే చర్మం కింద ఏ లోతులో ఏముందో చూడాలి.

నెత్తి మీద అయిదు పొరలున్నాయి. పైన వెంట్రుకలున్న చర్మం. దాని కింద గట్టి పీచూ కొవ్వూ కలిసిన పొర, రక్తనాళాలూ నరాలూ పరుచుకున్నది ఇందులోనే. మూడోది గేలియా అనే పలచని, బలమైన పట్టీ. నుదుటి కండరం ముందునుంచీ, తల వెనుక కండరం వెనకనుంచీ దీనికే అతుక్కుని ఉంటాయి. నాలుగోది వదులైన పొర. అయిదోది పుర్రె ఎముకను కప్పిన పలచని తొడుగు. మొదటి మూడూ విడదీయరానంతగా కలిసిపోయి ఉంటాయి. అరచెయ్యి నెత్తిమీద గట్టిగా ఆనించి ముందుకూ వెనక్కూ జరిపితే కదిలేది ఆ మూడే. ఆ కదలికకు చోటిచ్చేది నాలుగో పొర. వైద్య కళాశాలలో చేరిన ప్రతి విద్యార్థీ మొదటి ఏడాదిలోనే ఈ వరుసను కంఠతా పడతాడు. పిల్లల తలలకు దెబ్బలు తగిలే ఇళ్లలో మాత్రం దీని గురించి విన్నవాళ్లు తక్కువ.

రక్తం అంతగా కారడానికి కారణం రెండో పొర. చేతి మీద గాయమైతే తెగిన ధమని కొసలు ముడుచుకుపోయి, లోపలికి జరిగి, రక్తాన్ని చాలావరకు తామే ఆపుకుంటాయి. నెత్తి మీద అది కుదరదు. ఇక్కడి నాళాల గోడలను చుట్టూ ఉన్న పీచు పట్టి ఉంచుతుంది. కాంక్రీటులో పోతపోసిన రబ్బరు పైపును కోస్తే దాని నోరు ఎలా మూసుకోదో, ఇవీ అలాగే తెరుచుకుని ఉండిపోతాయి. దానికితోడు నెత్తికి రక్తం ఒకే దారిన రాదు. కనుబొమల దగ్గర రెండు, చెవి ముందు ఒకటి, చెవి వెనుక ఒకటి, తల వెనుక ఒకటి చొప్పున ఒక్కో పక్క అయిదు ధమనులు పైకి పాకి, నడినెత్తి మీద ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అందుకే ఒక పక్క నొక్కితే మరో పక్కనుంచి రక్తం వస్తుంది.

ఈ సమృద్ధి వల్ల మేలు కూడా ఉంది. నెత్తి గాయాలు త్వరగా మానుతాయి. చీము పట్టడం తక్కువ. సగం ఊడి వేలాడుతున్న ముక్కను కూడా శుభ్రం చేసి కుట్టేస్తే చాలాసార్లు బతుకుతుంది. కనుక అలాంటి ముక్కను ఎవరూ కోసి పారేయకూడదు. రక్తం ఆపడానికి శుభ్రమైన గుడ్డను మడిచి గాయం మీద పెట్టి, పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కితే చాలు. ఆగిందా లేదా అని నిమిషానికోసారి గుడ్డ ఎత్తి చూడటమే అందరూ చేసే పొరపాటు. ఇక కాఫీ పొడి సంగతి. ఎక్కడ తల పగిలినా పక్కింటినుంచి ఎవరో ఒకరు కాఫీ పొడి డబ్బాతో పరిగెత్తుకొస్తారు. అది రక్తాన్ని ఆపదు, వేసిన చెయ్యి నొక్కడం వల్ల రక్తం ఆగుతుంది. ఆ పొడిని గాయంలోనుంచి కడిగి తీయడానికి ఆసుపత్రిలో నర్సు పడే అవస్థ వేసినవాళ్లకు తెలియదు.

గాయం నోరు తెరుచుకుని ఉందంటే కత్తి మూడో పొర దాటిందని అర్థం. గేలియాను ముందు కండరం ముందుకూ వెనుక కండరం వెనక్కూ లాగుతూ ఉంటాయి. చెవినుంచి చెవికి అడ్డంగా తెగితే ఆ లాగుడుకు అంచులు ఎడంగా జరిగిపోతాయి. గేలియా తెగకపోతే గాయం ఎంత పొడవున్నా అంచులు దగ్గరగానే ఉంటాయి. నోరు తెరిచిన గాయానికి కుట్లు తప్పవు. అంచులు బిగిసినప్పుడు నాళాలూ నొక్కుకుపోతాయి కనుక ఆ కుట్లే రక్తాన్నీ ఆపుతాయి.

నాలుగో పొరను శరీర నిర్మాణ శాస్త్రం చదివినవాళ్లు నెత్తికి ప్రమాద స్థలం అంటారు. ఇందులో అడ్డుగోడలు లేవు. రక్తమో చీమో చేరిందంటే నెత్తి అంతా పాకుతుంది. వెనుక మెడ మొదట్లో, పక్కల చెవుల పైన ఎముకకు గట్టి అతుకులున్నాయి కనుక అక్కడ ఆగుతుంది. ముందువైపు ఆగదు. నుదుటి కండరం ఎముకకు కాకుండా కనుబొమల చర్మానికి అతుక్కుని ఉండటమే దానికి కారణం. అందుకే నడినెత్తి మీద దెబ్బ తగిలినవాడికి మర్నాడో, ఆ మర్నాడో కనురెప్పలు ఉబ్బి నల్లబడతాయి. కంటికి దెబ్బే తగల్లేదు కదా అని ఇంట్లోవాళ్లు తికమకపడతారు, దిష్టి తీస్తారు. పైనుంచి దిగిన రక్తమే అయితే వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. కానీ పుర్రె అడుగుభాగం ఎముక విరిగినా కళ్లు ఇలాగే నల్లబడతాయి. పైపైన చూసి ఇది అదా, అది ఇదా అని తేల్చడం ఎవరి వల్లా కాదు. రెండు కళ్లూ నల్లబడితే, చెవి వెనుక నీలిమచ్చ తేలితే, ముక్కునుంచో చెవినుంచో నీరులాంటి ద్రవం కారితే స్కానింగు తీయించాల్సిందే.

బొప్పి కట్టగానే అరచేత్తో రుద్ది అణచడం మనకు పెద్దల నుంచి వచ్చిన అలవాటు. గట్టిగా, చిన్నగా ఉన్న బొప్పి రెండో పొరలో చేరిన రక్తం. రుద్దితే చితికిన నాళాలు ఇంకాస్త చితుకుతాయి. మొదటి రోజు గుడ్డలో చుట్టిన మంచు పెట్టాలి, ఉప్పు కాపడం వద్దు. వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతూ, గంటగంటకూ విస్తరిస్తున్న వాపు వేరే జాతి. అది నాలుగో పొరలోది. చిన్నపిల్లల్లో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

పుట్టిన బిడ్డల సంగతి మరీ చెప్పాలి. కాన్పులో తల నొక్కుకుని చర్మం కింద నీరు చేరితే ఆ వాపు పుట్టినప్పుడే కనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఎముకకూ దాని తొడుగుకూ మధ్య రక్తం చేరితే వాపు కొన్ని గంటల తర్వాత తేలుతుంది. ఎముకల అతుకుల దగ్గర ఆ తొడుగు గట్టిగా అంటుకుని ఉంటుంది కనుక వాపు ఒక ఎముక హద్దు దాటదు. కరగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ రక్తం కరిగేటప్పుడు బిడ్డకు పచ్చకామెర్లు కాస్త ఎక్కువ కావచ్చు, కళ్లు, ఒళ్లు గమనిస్తూ ఉండాలి. ఇక మూడోది నాలుగో పొరలో రక్తస్రావం. వ్యాక్యూమ్ కప్పు పెట్టి లాగిన కాన్పుల్లో అరుదుగా వస్తుంది. 3 కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తమే సుమారు 250 మిల్లీలీటర్లు. అందులో చాలా భాగం ఈ పొరలో పట్టేస్తుంది. తల మెత్తగా ఉబ్బుతూ బిడ్డ పాలిపోతుంటే నిమిషాల మీద ఆసుపత్రికి చేర్చాలి. నీళ్లు పోసే పెద్దమ్మ బిడ్డ తలను నూనెతో అదిమి సాపు చేయడం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఏ వాపు ఏ పొరలో ఉందో డాక్టరు చెప్పేదాకా ఆ చేతులను ఆపాలి. పెద్దమ్మ నొచ్చుకున్నా సరే.

పొలాల్లో, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే మోటారు బెల్టుకు జడ చిక్కుకుంటే నెత్తి చర్మం ఊడి వచ్చేది కూడా ఈ నాలుగో పొర దగ్గరే. మొదటి మూడు పొరలూ కలిసి ఒక్క ముక్కగా లేచివస్తాయి. ఊడిన ముక్కను తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచులో ఉంచి మనిషితోపాటు తీసుకెళ్లాలి. మంచు నేరుగా ముక్కకు తగలకూడదు. నాళాలను సూక్ష్మదర్శిని కింద కలిపి మళ్లీ అతికించే అవకాశం ఉంటుంది. జడను ముడివేసి గుడ్డ కట్టుకుంటే ఇదంతా రాదు.

నెత్తి మీది సిరలు కొన్ని పుర్రెలోని సన్నని రంధ్రాల గుండా లోపలి సిరలతో కలుస్తాయి. నాలుగో పొరలో చీము పడితే అది ఈ దారిన మెదడు దాకా వెళ్లగలదు. అందుకే చీము పట్టిన తలగాయంతో పాటు జ్వరం, తలనొప్పి ఉంటే ఆకుపసర్లతో కాలక్షేపం చేయకూడదు.

కణత దగ్గర పుర్రె ఎముక పలచన. దాని లోపలివైపు ఆనుకుని ఒక ధమని పోతుంది. పైన పొరలన్నీ బాగానే ఉండి, ఎముక సన్నగా బీటవారి ఆ ధమని చిట్లితే రక్తం మెదడు మీద గడ్డకడుతుంది. దెబ్బ తగిలినవాడు కాసేపు స్పృహ తప్పి, లేచి, మామూలుగా మాట్లాడి, టీ తాగి, కొన్ని గంటల తర్వాత మళ్లీ మగతలోకి జారిపోతాడు. మధ్యలో ఉన్న ఆ మంచి గడియలే మనల్ని మోసం చేస్తాయి. నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద బైకునుంచి పడి, దులుపుకుని లేచి, "ఏమీ కాలేదు" అని ఇంటికి వెళ్లినవాళ్లను ఆ రాత్రంతా కనిపెట్టి ఉండాలి. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, మాట తడబాటు, మూర్ఛ, ఒక కంటిపాప పెద్దదవడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయాలి.

నెత్తి దిగి ముఖానికి వస్తే లెక్క మారుతుంది. ఒంట్లో మిగతాచోట్ల చర్మానికీ కండరాలకూ మధ్య గట్టి పొర ఒకటి ఉంటుంది. ముఖంలో చాలా భాగాన అది లేదు. ఇక్కడి కండరాలు ఎముకనుంచి బయల్దేరి నేరుగా చర్మానికే అతుక్కుంటాయి. అందుకే మన చర్మం నవ్వుతుంది, చిట్లిస్తుంది, మూతి ముడుస్తుంది. ముఖం మీద గాయాలు విచ్చుకోవడానికీ, కొద్దిపాటి దెబ్బకే మొహం ఉబ్బిపోవడానికీ కారణం ఇదే. ముడతలు కండరపు పోగులకు అడ్డంగా పడతాయి. నుదుటి కండరం నిలువుగా లాగుతుంది, గీతలు అడ్డంగా వస్తాయి. కార్ల్ లాంగర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1861లో మృతదేహాల మీద గుండ్రని మొనతో పొడిచి చూశాడు. గుండ్రని రంధ్రాలు పడలేదు, సన్నని చీలికలు పడ్డాయి. చర్మానికి తనదైన లాగుడు దిశ ఉందని అలా రుజువైంది. ఆ దిశ ఎరిగి కోసే సర్జను పెట్టిన మచ్చ కొన్నాళ్లకు ముడతలో కలిసిపోతుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీలో రాతి పెచ్చు ఎగిరి పెట్టే గాటు ఏ దిశనూ ఎరగదు.

ముఖానికీ రక్తం పుష్కలం. ఆ సంగతి మన దేశంలో వైద్యులకు ఏనాడో తెలుసు. 1792 ప్రాంతంలో మైసూరు యుద్ధంలో టిప్పు సేనలకు చిక్కి ముక్కు పోగొట్టుకున్న కవాస్‌జీ అనే బండి తోలేవాడికి పుణె దగ్గర స్థానిక వైద్యుడొకరు నుదుటి చర్మంతో కొత్త ముక్కు అమర్చాడు. ఆ కథ 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే సర్జను 1814లో లండన్‌లో అదే పద్ధతి చేసి చూపాడు. నుదుటినుంచి కోసిన చర్మాన్ని కనుబొమల మధ్య సన్నని తొడిమెతో అతుకు వదలకుండా కిందికి తిప్పుతారు. ఆ తొడిమెలోనుంచి పోయే చిన్న ధమని ముక్కను బతికిస్తుంది. ఈనాటికీ ముక్కు పోయినవారికి చేసే మేలైన పద్ధతుల్లో ఇదొకటి.

ఆ ధమని కంటి ధమనికి కొమ్మ. ముక్కు మొదట్లో బయటి ధమనీ కంటిలోపలి దారీ కలుసుకుంటాయి. ఇక్కడే నాకు ఆందోళన. పెద్ద నగరాలకే పరిమితమనుకున్న ఫిల్లర్ సూదులు, అంటే ముఖంలో పల్లాలు పూడ్చేందుకు చర్మం కింద మందు పొడిచేవి, ఇప్పుడు మన పట్టణాల అందాల దుకాణాల దాకా వచ్చాయి. ముక్కు ఎత్తు కోసమో, కనుబొమల మధ్య గీత కోసమో పొడిచిన మందు ధమనిలోకి వెళ్తే, సూది ఒత్తిడికి రక్తప్రవాహానికి ఎదురు నడిచి, కంటి తెర ధమనిలో ఇరుక్కుంటుంది. రక్తం అందకపోతే కంటి తెర గంట, గంటన్నర కంటే తట్టుకోలేదు. చూపు పోతే తిరిగి రావడం చాలా అరుదు. ఇది తరచుగా జరిగేది కాదు. కానీ నాళాల పటం తెలియని చేతికి ఆ సూది ఇవ్వకూడదు.

ఇప్పుడు సెగగడ్డలు. రోహిణి కార్తె ఎండల్లో ముఖం మీద ఇవి లేస్తే ఉలవపాడు మామిడిపండ్ల మీద నింద వేస్తాం. పాపం, అవి ఏమీ చేయలేదు. చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా చెమటకు తడిసిన వెంట్రుక మొదట్లో దూరి చీము పుట్టిస్తుంది. ముక్కు మొదలు, రెండు నోటి మూలలు కలిపి గీసిన త్రికోణంలో గడ్డ లేస్తే మాత్రం గిల్లకూడదు, చిదమకూడదు. ఇక్కడి సిర కంటి మూల దగ్గర కంటిలోపలి సిరలతో కలుస్తుంది, అవి మెదడు కింద ఉన్న పెద్ద సిరల గూటిలోకి పోతాయి. ఈ సిరల్లో కవాటాలు లేవని పాత పాఠాలు చెప్పేవి. ఉన్నాయని తర్వాత తేలింది. అయినా రక్తం రెండువైపులా పారగలదు కనుక ముప్పు పోలేదు. యాంటిబయోటిక్‌లు వచ్చాక మరణాలు బాగా తగ్గాయి. అయినా పై పెదవి, ముక్కు గడ్డతో పాటు కనురెప్ప ఉబ్బి, కన్ను ముందుకు పొడుచుకొచ్చి, చలిజ్వరం వస్తే అది ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బు.

నరాల విషయంలో ముఖం పని రెండుగా పంచుకుంది. తాకిడి, నొప్పి తెలిపేది ట్రైజెమినల్ నరం. దాని మూడు కొమ్మలు నుదురూ కళ్లకు ఒకటి, బుగ్గ పైభాగానికి ఒకటి, దవడకు ఒకటి. కండరాలను కదిలించేది ఫేషియల్ నరం. ఈ రెండూ వేర్వేరని 1821లో చార్లెస్ బెల్ అనే సర్జను లండన్‌లో చెప్పాడు. అందుకే మూతి వంకరపోయే జబ్బుకు ఆయన పేరు నిలిచింది. ఫేషియల్ నరం చెవి కింద ఎముకనుంచి బయటికి వచ్చి, గవదబిళ్లలప్పుడు ఉబ్బే లాలాజల గ్రంథిలో దూరి, అయిదు కొమ్మలుగా చీలి కణత నుంచి మెడ దాకా విస్తరిస్తుంది. ఆ గ్రంథినుంచి బుగ్గలోకి వచ్చే గొట్టాన్ని 1660లో స్టెన్సెన్ అనే డెన్మార్క్ యువకుడు గొర్రె తల కోస్తూ కనుగొన్నాడు. నెల్లూరు జుడిపి గొర్రె తలకాయలు రోజూ కొట్టే మన అంగళ్లలో ఆ గొట్టం ఎన్నిసార్లు తెగి ఉంటుందో! మన నోట్లో అది పై దవడ రెండో దవడపన్నుకు ఎదురుగా తెరుచుకుంటుంది. చెవి ముందున్న బొడిపె నుంచి పై పెదవి నడిమికి గీత గీస్తే దాని మధ్య భాగం కిందుగా పోతుంది. ఆ చోట గాజో కత్తో లోతుగా కోస్తే చర్మం కుట్టి పంపేయకూడదు. గొట్టమూ నరమూ తెగాయేమో చూడాలి, లేకపోతే నెలల తరబడి బుగ్గనుంచి ఉమ్మి కారుతుంది.

బస్సు కిటికీ గాలికి మూతి వంకరపోయిందని అంటుంటారు. పాపం గాలిదేమీ లేదు. చెవి వెనుక ఇరుకు ఎముక దారిలో నరం ఉబ్బి నొక్కుకుపోవడమే అసలు సంగతి. వైరసు దీనికి కారణమని వైద్యుల అనుమానం. ఇది పక్షవాతమా, బెల్ పేరు మీదున్న ఈ నరం జబ్బు బెల్స్ పాల్సీయా అన్నదే ఇంట్లోవాళ్ల ప్రశ్న. నుదురు ముడవమనండి. నుదుటి పైభాగానికి మెదడు రెండు పక్కలనుంచీ ఆదేశాలు వస్తాయి. మెదడులో ఒకవైపు దెబ్బతింటే మూతి వంకరపోయినా నుదుటి మీద గీతలు పడతాయి, కన్ను మూసుకుంటుంది. నరమే దెబ్బతింటే ఆ పక్క నుదురు నున్నగా ఉండిపోతుంది, కన్ను మూతపడదు. గీతలు పడుతున్నాయంటే సంతోషించకండి, అదే పెద్ద ప్రమాదం. చెయ్యి, కాలు, మాట కూడా తప్పితే ఇక సందేహమే లేదు, మెదడు నాళంలో ఇరుక్కున్న రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షనుకు నాలుగున్నర గంటలే గడువు. ఈ పరీక్ష నూటికి నూరుపాళ్లు నమ్మదగినది కాదు కనుక తుది తీర్పు డాక్టరుకే వదలాలి.

నరం జబ్బే అయితే మందు లేకుండానే పదిమందిలో ఏడుగురికి పూర్తిగా తగ్గుతుంది. 72 గంటల్లోపు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. నాటువైద్యంతో తగ్గిందని చెప్పుకునే కథల్లో చాలావాటి రహస్యం ఆ ఏడుగురే. ఈలోపు కాపాడుకోవాల్సింది కన్ను. రెప్ప పడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. పగలు కన్నీటి చుక్కలు, రాత్రి రెప్పను కిందికి దించి అంటించే పట్టీ తప్పనిసరి.

ట్రైజెమినల్ నరం జబ్బులు వేరే రకం. ముఖం కడుక్కున్నా, అన్నం నమిలినా ఒక పక్క దవడకు కరెంటు కొట్టినంత నొప్పి వచ్చి క్షణాల్లో పోయే జబ్బు ఒకటుంది. పంటినొప్పి అనుకుని వరుసగా మంచి పళ్లు పీకించుకున్నవాళ్లు ఉన్నారు. సర్పి వస్తే పొక్కులు నుదుటి మధ్యగీత దగ్గర గీసినట్టు ఆగిపోతాయి, ఒక నరం మేరకే అవి పాకుతాయి కనుక. ముక్కు కొన మీద కూడా ఒక పొక్కు తేలిందా అని చూడండి. ముక్కు కొనకూ కంటికీ వెళ్లే నరం ఒకటే. అక్కడ పొక్కు ఉంటే కంటికీ ముప్పు ఉన్నట్టే. ఎసైక్లోవిర్ వంటి మాత్రలు మూడు రోజుల్లోపు మొదలుపెట్టి, అదే రోజు కంటి డాక్టరును చూడాలి. సర్పికి ఎర్రమట్టి పూత వేయించాలని పెద్దవాళ్లు పట్టుబడితే, ఆ మాట కంటి పరీక్ష అయ్యాక మాట్లాడుకోవచ్చు.